సైరన్ మోగితే పళ్లెం ముందు నుంచి లేచే ఊరు

అమెరికా అనగానే మన వైజాగ్‌లో ఎవరైనా డల్లాస్ అంటారు, న్యూజెర్సీ అంటారు, లేదంటే పిల్లలు పనిచేసే కంపెనీ పేరు చెప్తారు. మా చెల్లి ఉండేది న్యూయార్క్ రాష్ట్రమే గానీ సిటీ కాదు, సిటీ నుంచి కారులో నాలుగైదు గంటలు పైకి పోవాలి, అక్కడ సెనెకా లేక్, కయూగా లేక్ అని రెండు పొడుగాటి సరస్సులుంటాయి, వాటి చుట్టూ మొక్కజొన్న చేలు, ద్రాక్షతోటలు, ఆవుల డెయిరీలు, అలాంటి చోట ఒక చిన్న ఊరు. చెల్లి ఇంకా అక్కడే పనిచేస్తోంది కాబట్టి ఊరి పేరు రాయను. అమ్మ లేదు గదా, అందుకని చెల్లి కాన్పుకి నేనూ మా ఆయనా వెళ్లాం, మంచు పడే రోజుల్లో వెళ్లి ఎండలు వచ్చాక తిరిగొచ్చాం. వచ్చిన దగ్గర్నుంచి కనపడినవాళ్లంతా నయాగరా చూశావా అని అడుగుతున్నారు. చూశాను, చాలా బాగుంది. కానీ నాకు చెప్పాలని ఉన్నది ఆ ఊరి గురించి, ముఖ్యంగా ఆ ఊరి ఫైర్ హాల్, అంటే ఫైర్ స్టేషన్ గురించి.

ముందు మా చెల్లి అక్కడికెలా చేరిందో చెప్పాలి, ఎందుకంటే మన ఏఎంసీలో, అంటే ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన పిల్లలు చాలామంది ఇదే దారిలో వెళ్లారు. ఇక్కడ ఎంబీబీఎస్ అయ్యాక అక్కడ రెసిడెన్సీకి, అంటే మన పీజీ లాంటి ట్రైనింగ్‌కి, జే-1 వీసా మీద వెళ్తారు, అది అయిపోయాక రెండేళ్లు స్వదేశానికి తిరిగి రావాలని రూలు. అలా రాకుండా అక్కడే ఉండాలంటే డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచెయ్యాలి. కాన్‌రాడ్ 30 అంటారు దీన్ని, 1994లో మొదలైంది, ఇప్పుడు ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మంది డాక్టర్లకి ఈ అవకాశం ఉంది. డాక్టర్లు దొరకని ప్రాంతం అంటే చాలాసార్లు పల్లెటూరే. అందుకే మన తెలుగువాడి మొహం చూడకుండానే ఒక జీవితం గడిపేసిన అమెరికా రైతుకి, బీపీ చూసే డాక్టరు మాత్రం తెలుగమ్మాయి అయి ఉంటుంది. మా చెల్లిని చూసి ఆ ముసలివాళ్లు పడే ఆనందం నేను కళ్లారా చూశాను, ఒకావిడ తన తోటలో కాసిన గుమ్మడికాయ మోసుకొచ్చి క్లినిక్‌లో ఇచ్చి వెళ్లిందట.

ఊరు ఎంతుంటుందంటే ఒక మెయిన్ స్ట్రీట్, దాని మీద పోస్టాఫీసు, రెండు చర్చిలు, చిన్న లైబ్రరీ, ఒక డైనర్, పెట్రోలు బంకు, ఫైర్ హాల్. అంతే. మన పెందుర్తి జంక్షన్‌లో సాయంత్రం ఒక పావుగంట నిలబడితే కనిపించేంత మంది ఆ ఊరు మొత్తం మీద ఉండరేమో అనిపించింది నాకు. కానీ అంత చిన్న ఊరికి కూడా ఒక మేయరు, ట్రస్టీలని ఒక బోర్డు, ఎన్నికలు, బడ్జెట్టు అన్నీ ఉంటాయి. న్యూయార్క్ రాష్ట్రంలో విలేజ్ అంటే చట్టప్రకారం ఏర్పడిన స్థానిక ప్రభుత్వం, అది టౌన్ అనే ఇంకో పెద్ద పరిధిలో ఉంటుంది, టౌన్ కౌంటీలో ఉంటుంది, విలేజ్‌లో ఇల్లున్నవాళ్లు ఈ ముగ్గురికీ పన్ను కడతారు. ఒహాయోలో అయితే లెక్క వేరు, 5,000 జనాభా దాటితే సిటీ, దాటకపోతే విలేజ్. ఇంకో విషయం విని నాకు భలే ఆశ్చర్యం వేసింది, ఊరి వాళ్లు ఓటేసి తమ విలేజ్‌ని రద్దు చేసుకోవచ్చు కూడా. అక్కడికి దగ్గర్లోనే సెనెకా ఫాల్స్ అని ఉంది, 1848లో ఆడవాళ్ల హక్కుల కోసం అమెరికాలో మొట్టమొదటి పెద్ద సభ జరిగిన ఊరు, చరిత్ర పుస్తకాల్లో ఉండే ఊరు, అలాంటి ఊరి జనం రెండు ప్రభుత్వాలకి పన్ను ఎందుకని 2010లో ఓటేసి 2011 ఆఖరుకల్లా విలేజ్‌ని టౌన్‌లో కలిపేసుకున్నారు. చరిత్ర అక్కడే ఉంది, మేయరు మాత్రం లేడు.

సరే, ఫైర్ హాల్. మేం వెళ్లిన కొత్తలో పక్కింటివాళ్లు భోజనానికి పిలిచారు. ఆయన స్కూలు బస్సు డ్రైవరు, ఆవిడ లైబ్రరీలో పనిచేస్తుంది. మేం కూర్చుని ఇంకా సూప్ తాగుతుండగానే ఆయన నడుముకున్న పేజర్ గట్టిగా అరిచింది, దాని వెనకే ఊళ్లో సైరన్ మొదలైంది, మన పోర్టులో మోగే సైరన్ లాంటిది. ఆయన నాప్కిన్ పక్కన పెట్టి, మాకు సారీ చెప్పి, బూట్లేసుకుని వెళ్లిపోయాడు, ఇదంతా ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆవిడ ఏమీ జరగనట్టు ఆయన ప్లేటు తీసుకెళ్లి ఓవెన్‌లో పెట్టింది. కిటికీలోంచి చూస్తే ఆయన సొంత కారు మీద నీలం లైటు తిరుగుతోంది. ఎవరింట్లోనో పొయ్యి చిమ్నీ అంటుకుందట, చలికాలంలో కట్టెల పొయ్యి వాడే ఇళ్లలో ఇది మామూలేనంట.

ఆయనకి జీతం లేదండి. ఆ ఫైర్ హాల్లో ఎవరికీ జీతం లేదు. హార్డ్‌వేర్ షాపాయన, పాలు పితికే రైతు, స్కూలు టీచరు, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు, వీళ్లే ఆ ఊరి ఫైర్ సర్వీసు. నెలల తరబడి రాత్రిపూట క్లాసులకెళ్లి ట్రైనింగ్ అవ్వాలి, ప్రతి వారం ఒక సాయంత్రం ప్రాక్టీసు ఉంటుంది. ఆ నీలం లైటు సంగతి పక్కింటాయన్నే అడిగాను, న్యూయార్క్‌లో ఫైర్ వాలంటీరుకి నీలం, అంబులెన్స్ వాలంటీరుకి ఆకుపచ్చ, కానీ ఆ లైటుకి దారి ఇవ్వాలని చట్టంలో ఎక్కడా లేదంట, అది మర్యాద కోసం పెట్టిన లైటు, ఎదుటివాడు ఇష్టమై పక్కకి తప్పుకోవాలి. తప్పుకుంటారు! నేను చెల్లి కారులో వెళ్తున్నప్పుడు చూశాను, వెనకాల నీలం లైటు కనపడగానే ముందున్న పెద్ద ట్రక్కు కూడా మంచులో పక్కకి ఒరిగి ఆగింది, నాకు గొంతు పట్టేసినట్టయింది అప్పుడు.

ఇదేదో ఆ ఒక్క ఊరి గొప్పతనం కాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1736లో ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీ అని పెట్టినప్పటి నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. 2020 లెక్క ప్రకారం అమెరికా మొత్తంలో ఫైర్‌మెన్‌లో దాదాపు 65 శాతం వాలంటీర్లే, 6 లక్షల 77 వేల మంది దాకా. అంత డబ్బున్న దేశంలో ఇల్లు కాలితే వచ్చేది ఎక్కువ చోట్ల జీతం లేని మనిషి అంటే ఇక్కడ మావాళ్లెవరూ నమ్మలేదు. అయితే తగ్గిపోతున్నారు, 1984లో ఆ సంఖ్య దాదాపు 9 లక్షలు. కుర్రాళ్లు చదువుకి బయటికి పోతున్నారు, ఉన్నవాళ్లు దూరాలకి పోయి ఉద్యోగం చేస్తున్నారు, పగటిపూట సైరన్ మోగితే ఊళ్లో ఉండేది ముసలివాళ్లే. పక్కింటాయనకే అరవై దాటాయి. నిచ్చెన ఎక్కొద్దని భార్య గొడవ, అందుకే ఆయన ఎక్కట్లేదంట, ట్రక్కు నడుపుతాడంట ఇప్పుడు.

మరి డబ్బెలా అంటే, కొంత పన్నుల్లోంచి వస్తుంది, కొంత చికెన్ అమ్మి. అవును చికెనే. మంచు పోయి కాస్త ఎండ రాగానే ఫైర్ హాల్ వెనకాల సిమెంటు దిమ్మలు పేర్చి పొడుగాటి పొయ్యి కట్టారు, బొగ్గులు పోశారు, ఇనప జాలీల్లో కోడిని సగానికి కోసిన ముక్కలు వరసగా పేర్చి, అటొకరు ఇటొకరు పట్టుకుని ఆ జాలీ మొత్తాన్ని ఒకేసారి తిరగేస్తారు, మధ్యమధ్యలో మీద ఏదో తెల్లటి నీళ్లు చల్లుతారు. అడిగితే ఆ వంటకి ఒక కథ ఉంది. దగ్గర్లో ఇథాకాలో కార్నెల్ యూనివర్సిటీ, అందులో రాబర్ట్ బేకర్ అనే ప్రొఫెసరు కోళ్ల రైతులకి అమ్మకాలు పెరగాలని తయారుచేసిన సాస్ అది, యాపిల్ వెనిగర్, నూనె, గుడ్డు, ఉప్పు, ఎండబెట్టిన ఆకుల పొడి, అంతే. 1950లో యూనివర్సిటీ వాళ్లు ఆ వంటని చిన్న పుస్తకంగా వేసి ఊరూరా పంచారు, అప్పటినుంచి ఆ ప్రాంతంలో ఏ ఫైర్ హాలుకి డబ్బు కావాలన్నా, ఏ చర్చి కప్పు కారుతున్నా ఈ కోడే. కారం లేదు, మసాలా లేదు, అయినా పుల్లపుల్లగా, పొగవాసనతో, చాలా బాగుంది, మా ఆయన రెండోది కూడా అడిగాడు. పక్కన ఉప్పు నీళ్లలో ఉడికించిన చిన్న బంగాళాదుంపలు వెన్నతో పెడతారు, అది సిరక్యూస్‌లో ఉప్పు కార్ఖానాల్లో పనిచేసినవాళ్ల తిండి అంట ఒకప్పుడు. కారులోంచి దిగకుండా డబ్బులిచ్చి పొట్లాలు తీసుకెళ్లేవాళ్లు రోడ్డు చివరిదాకా లైను. మధ్యాహ్నానికల్లా అయిపోయాయి.

నేను గమనించింది ఏంటంటే ఆ రోజు ఎవరికి ఎవరూ పని చెప్పలేదు. బొగ్గులు ఎవరు పొయ్యాలో, డబ్బులపెట్టె దగ్గర ఎవరు కూర్చోవాలో, దుంపలు ఎవరింట్లో ఉడకాలో అన్నీ ముందే తెలుసు, ఏటేటా అదే మనిషి, ఆ మనిషి పెద్దదైపోతే పక్కన ఒకరిని పెట్టుకుని నేర్పుతుంది. ఊరి వాళ్లు మంచివాళ్లు కాబట్టి ఇలా జరుగుతోందని చెల్లి అంటుంది. నేను ఒప్పుకోలేదు. మంచివాళ్లు అన్నిచోట్లా ఉన్నారు. ఆ ఊళ్లో వాళ్లూ మనలాగే పోట్లాడుకుంటారు, ఇద్దరు అన్నదమ్ములు కంచె గురించి ఏళ్ల తరబడి మాట్లాడుకోరు, అయినా ఇద్దరూ ఒకే ఫైర్ ట్రక్కులో వెళ్తారు. ఎవరి పని ఏదో, ఏ తారీఖునో అందరికీ తెలిసి ఉండటం, ఆ పనికి ఒక పేరూ ఒక కుర్చీ ఉండటం, అదీ అసలు సంగతి.

స్కూలు సంగతి చూడండి. మే నెల మూడో మంగళవారం న్యూయార్క్ రాష్ట్రంలో చాలా ఊళ్లలో జనం స్కూలు బడ్జెట్టు మీద నేరుగా ఓటేస్తారు. స్కూలుకి వచ్చే ఏడాది ఎంత ఖర్చు, మన ఇంటి పన్ను ఎంత పెరుగుతుంది అని ఇంటికి కాగితం వస్తుంది. ఓడిపోతే జూన్‌లో ఇంకోసారి పెట్టొచ్చు, అప్పుడూ ఓడిపోతే కోతలు పెట్టుకుని బతకాల్సిందే. మేం ఉన్నప్పుడు ఆ వారమంతా పోస్టాఫీసులో అదే మాట. పిల్లలు ఎప్పుడో పెద్దవాళ్లైపోయిన ఒక ముసలావిడ, పెన్షన్ మీద బతికేది, బ్యాండు మేళం నేర్పే టీచర్ని తీసేస్తారంట, నేను ఊరుకోను, నా పన్ను పెరిగినా ఫరవాలేదు అని కోపంగా అనడం విన్నాను. ఇంకొకాయన నా వల్ల కాదు, పొలం అమ్ముకోవాలి అన్నాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. బడ్జెట్టు గట్టెక్కింది గానీ తక్కువ తేడాతోనే.

చీకటి వైపు కూడా ఉంది, అది దాచి ఆ ఊరిని గుడిలో పెట్టను. బస్సు లేదు. కారు నడపలేని రోజు వస్తే మనిషి ఇంట్లో బందీ అయిపోయినట్టే, మీల్స్ ఆన్ వీల్స్ వాళ్లు అన్నం డబ్బా తెచ్చినప్పుడు మాత్రమే మాట్లాడే మనుషులు ఎంతమందో అని చెల్లి చెప్పేది, ఆవిడ పేషెంట్లలో చాలామంది రోగం సగం ఒంటరితనమే. అమెరికాలో 1940 ప్రాంతంలో లక్షా 17 వేల స్కూలు డిస్ట్రిక్టులు ఉండేవి, కలిపేసి కలిపేసి ఇప్పుడు 13 వేలు, స్కూలు పోయిన ఊరు ఎలా అయిపోతుందో అక్కడి వాళ్లు వేలు పెట్టి చూపిస్తారు, చెక్కలు కొట్టి మూసేసిన షాపులు, గడ్డి పెరిగిన బేస్‌బాల్ గ్రౌండు. పోస్టాఫీసులు కూడా 2012 నుంచి ఒక 13 వేల చోట్ల రోజుకి కొన్ని గంటలే తెరవాలని నిర్ణయించారు, మా చెల్లి ఊళ్లోదీ పొద్దున్న మాత్రమే. ఇంక కొత్తవాళ్లని కలుపుకోవడానికి టైము పడుతుంది. చెల్లికి మొదటి చలికాలం అంతా పలకరింపులే తప్ప పిలుపులు లేవంట. తర్వాత చర్చి హాల్లో ఊరందరూ వండి తెచ్చుకుని తినే భోజనానికి పులిహోర పట్టుకెళ్లింది, గిన్నె ఖాళీ అయింది, అప్పటినుంచి ఆ లిస్టులో పులిహోర ఎదురుగా ఆవిడ పేరు రాసేసి ఉంటుంది, అడగరు కూడా. మళ్లీ అదే చూడండి, ఒక పని దొరికింది, మనిషి ఊళ్లో కలిసిపోయింది.

మే ఆఖరి సోమవారం మెమోరియల్ డే, యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకునే రోజు. పక్కనున్న వాటర్లూ అనే ఊళ్లో 1866 మే 5న మొదటిసారి చేశారని, వాళ్లదే పుట్టిల్లని 1966లో ప్రెసిడెంట్ జాన్సన్ ప్రకటించాడు. మా చెల్లి ఊళ్లో స్కూలు బ్యాండు ముందు, ఫైర్ ట్రక్కులు వెనక, శ్మశానం దాకా నడిచారు, యుద్ధాల్లో పోయిన ఆ ఊరి వాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చదివారు. పేర్లు చదివే పని కూడా ఒక కుటుంబానిదంట.

అక్కడ నిలబడి నేను ఆలోచించింది మన వైజాగ్ గురించే. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు పన్నెండు మంది పోయారు. మాకు ఎంతో దూరం కాదది. ఆ చీకట్లో తలుపులు కొట్టి జనాన్ని లేపింది పక్కింటివాళ్లు, పడిపోయినవాళ్లని భుజాన వేసుకుని, బైకుల మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లింది ఆ చుట్టుపక్కల కుర్రాళ్లు. అంతకుముందు 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడూ అంతే, చెట్లు నరికి రోడ్డు తీసింది మనమే, జనరేటరున్న ఇంట్లో వీధందరి ఫోన్లూ ఛార్జింగ్ పెట్టారు, నీళ్ల ట్యాంకరు వస్తే ముందు పసిపిల్లలున్న ఇళ్లకి పట్టారు. మన దగ్గర మనుషులకి కొదవ లేదు, ఆ ధైర్యానికీ కొదవ లేదు. కానీ తర్వాత వారం అది ఎక్కడికి పోయింది? ఎవరికీ ట్రైనింగ్ లేదు, ఎవరి పేరూ ఎక్కడా రాసి లేదు, ఇంకోసారి ఏదైనా అయితే మళ్లీ మొదట్నుంచి.

అలాగని మనకి ఈ పద్ధతి తెలీదని ఎలా అంటాం? మాది అనకాపల్లి దగ్గర ఊరు. నూకాంబిక జాతరకి కొత్త అమావాస్య వస్తోందంటే ఎవరు చందాలెత్తాలి, ఏ వీధి వాళ్లు పందిరి వెయ్యాలి, డప్పులు ఎవరివి, వచ్చిన చుట్టాలకి నీళ్లెవరు పొయ్యాలి అన్నీ తాతల నాడే రాసిపెట్టినట్టు జరిగిపోతాయి, మా నాన్న పోయాక ఆయన చేసే పని మా తమ్ముడికి ఎవరూ చెప్పకుండానే వచ్చేసింది. అదే ఊళ్లో గ్రామసభ అంటే పదిమంది రారు, రాజ్యాంగంలో రాసుకున్నాం మరి గ్రామసభ అని. అక్కడ వాళ్లు జాతర చేసినట్టు నిప్పార్పుతున్నారు, స్కూలు బడ్జెట్టు చూస్తున్నారు. తేడా అంతే.

ఇంకో మాట. అమెరికా పల్లెల్లో 1930ల మధ్యలో పదింట ఒక్క పొలానికే కరెంటు ఉండేది, పెద్ద కంపెనీలు లాభం లేదని తీగలు వెయ్యలేదు. 1936లో చట్టం చేసి అప్పులిస్తే రైతులే కోఆపరేటివ్‌లు పెట్టుకుని స్తంభాలు పాతుకున్నారు, ఇప్పటికీ అవి నడుస్తున్నాయి, మెంబర్లే డైరెక్టర్లని ఎన్నుకుంటారు. పక్కింటాయన ఇది గొప్పగా చెప్తుంటే నాకు భలే సంతోషం వేసింది, ఎందుకంటే అదే రకం సంఘం మా కశింకోటలోనూ పెట్టుకున్నారు! అనకాపల్లి గ్రామీణ విద్యుత్ సహకార సంఘం, మా ఇంటి బిల్లు దానికే కట్టేవాళ్లం చిన్నప్పుడు, చీపురుపల్లిలోనూ ఒకటి పెట్టారు. ఆయనకి ఫోన్‌లో మ్యాపు తీసి చూపించాను, ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని మీ మెంబర్లు మీటింగుకి వస్తారా అని అడిగాడు. మా నాన్న వెళ్లేవాడని చెప్పాను.

పెందుర్తిలో మా అపార్ట్‌మెంట్లో నలభై ఫ్లాట్లు. ఇద్దరు హార్ట్ పేషెంట్లు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు నాలుగైదు ఇళ్లలో, మెట్ల దగ్గర ఫైర్ సిలిండర్లు డేటు అయిపోయి వేలాడుతున్నాయి. పోయిన మీటింగులో నేను అడిగినవి ఇవే: సిలిండర్లు నింపించడం ఎవరి పనో పేరు రాయాలి, అంబులెన్స్ వస్తే గేటు దగ్గర నిలబడి దారి చూపించేది ఏ ఫ్లోర్ వాళ్లో వారాల వారీగా రాసి లిఫ్టు పక్కన అతికించాలి, గుండె ఆగితే ఛాతీ ఎలా నొక్కాలో అందరికీ ఒక ఆదివారం నేర్పించాలి. మూడోదానికి సెకండ్ ఫ్లోర్‌లో ఉండే నర్సమ్మ నేను నేర్పుతానంది. సిలిండర్ల పని ఇద్దరు డిగ్రీ కుర్రాళ్లు తీసుకున్నారు, వాళ్లలో ఒకడు మరి ఏడాదికోసారి నీటుగా డ్రిల్లు కూడా పెడదాం ఆంటీ అన్నాడు. గేటు లిస్టు ఇంకా సగమే నిండింది, ఫోర్త్ ఫ్లోర్ వాళ్లు ఆలోచించి చెప్తామన్నారు, వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లి అడుగుతాను. సంక్రాంతికి చెల్లి పాపని తీసుకుని వస్తోంది, గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం నేర్పే క్లాసు ఆ వారంలోనే పెట్టుకుంటే నర్సమ్మతో పాటు చెల్లి కూడా నిలబడి నేర్పుతుందని, ఆ తారీఖే ఖాయం చేశాం.